1/350 స్కేలులో మిసూలా ఓడ కిట్: ముందు పడవలు చూడండి

విశాఖ షిప్‌యార్డులో ప్లేటర్‌గా, అంటే ఓడకి ఉక్కు ప్లేట్లు ఒంచి బిగించే పనివాడిగా చేరి, ఫోర్‌మెన్‌గా 2018లో రిటైరయ్యాను. చేతులు ఊరుకోక ఓడల మోడల్స్ కట్టడం మొదలుపెట్టాను. ఇది పదకొండోది. నాలుగు నెలలు పట్టింది. ఈ కిట్ కొనాలా వద్దా అని ఇప్పటికే ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి అడిగారు కాబట్టి వివరంగా రాస్తున్నాను. కొనండి. ఇంత మంచి పని ఈ ధరకి దొరకదు. అయితే మూడు లోపాలున్నాయి. అందులో రెండు చేత్తో సరిచేసుకోవచ్చు, మూడోది పెట్టెలో ఇచ్చిన పుస్తకంలో ఉంది.

చేసింది ఒక చిన్న 3డీ ప్రింటింగ్ దుకాణం. పేరు రాయడం లేదు. ఈ లోపాలన్నీ ఫోన్లో చెబితే ఆ కుర్రాడు ఓపిగ్గా విన్నాడు, తర్వాతి బ్యాచ్‌లో మారుస్తానన్నాడు. మార్చకముందే పేరు పెట్టి ఎత్తిచూపడం నాకు ఇష్టం లేదు. కొరియర్‌తో కలిపి 7,200 రూపాయలయింది. ముందు స్తంభం దారిలోనే విరిగింది. ఫోటో పంపితే వారంలో కొత్తది వచ్చింది, డబ్బు అడగలేదు.

ఓడ పేరు మిసూలా. అమెరికా నావికాదళంలో దీని నంబరు ఏపీఏ-211. మోంటానా రాష్ట్రంలో ఆ పేరుతో ఒక కౌంటీ ఉంది, అంటే మన జిల్లా లాంటిది. ఈ రకం ఓడల్లో చాలావాటికి అలా కౌంటీల పేర్లే పెట్టారు. వీటిని అటాక్ ట్రాన్స్‌పోర్ట్ అంటారు. మామూలు రవాణా ఓడ రేవులో కట్టేసుకుని మనుషుల్ని దింపుతుంది. ఇది రేవు లేని చోటికి వెళ్లాలి. అవతలి ఒడ్డు శత్రువు చేతిలో ఉంటుంది. ఓడ సముద్రంలోనే నిలబడి, తను మోసుకొచ్చిన పడవల్ని దించి, వాటిలో సైనికుల్ని ఒడ్డుకి పంపాలి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1943 నుంచి అమెరికన్లు వీటిని వేరే జాబితాగా లెక్కేశారు. హాస్కెల్ తరగతి అని ఒకే డిజైనుతో 117 కట్టారు, మిసూలా వాటిలో ఒకటి. 1944లో కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్‌లో కట్టి, అక్టోబరు నెలాఖరుకి నావికాదళానికి అప్పగించారు.

పెట్టె తెరవగానే నేను స్కేలు తీసి కొలిచింది హల్‌ని, అంటే ఓడ ఒంటిని. అసలు ఓడ 455 అడుగుల పొడవు, 62 అడుగుల వెడల్పు. 350తో భాగిస్తే 39.6 సెంటీమీటర్లు, 5.4 సెంటీమీటర్లు రావాలి. పొడవు 39.5 వచ్చింది, వెడల్పు సరిగ్గా ఉంది. రెండు ముక్కలుగా ఇచ్చాడు. అతుకు నడిమధ్యన, హౌసింగ్ (డెక్ మీది గదుల కట్టడం) కింద పడేలా చూసుకున్నాడు. అది తెలివైన పని, అతుకు బయటికి కనబడదు. వెనక వంపు, ప్రొపెల్లర్ దగ్గర సన్నబడే తీరు చూసి నాకు ముచ్చటేసింది. ఆ వంపు దగ్గర ప్లేటు ఒంచడం ఎంత పనో నాకు తెలుసు. ఒక్కో ప్లేటుని వేడి చేసి, నీళ్లు కొట్టి, మళ్లీ వేడి చేసి, చెక్క టెంప్లేటు ఆనించి చూసుకునేవాళ్లం. ఆ ఒంపు ఇక్కడ అచ్చంగా వచ్చింది.

ఇక మొదటి లోపం. హల్ పొడవునా రివెట్ల వరసలు పెట్టాడు. పాత ఓడ అనగానే రివెట్లు ఉంటాయనుకుని ఉంటాడు. రిచ్‌మండ్ ఓడలు వెల్డింగు ఓడలు. అసలు ఆ యార్డుల వేగమంతా అక్కడే ఉంది. రివెటింగ్ నేర్పాలంటే ఏళ్లు పడుతుంది, ఒక్కో రివెట్‌కి ముఠా కావాలి. వెల్డింగైతే కొన్ని వారాల శిక్షణతో కొత్తవాళ్లని పనిలో దింపొచ్చు. ఆ యార్డుల్ని నడిపిన కైజర్ కంపెనీ అదే చేసింది. అప్పటిదాకా ఓడ మొహం చూడని ఆడవాళ్లు వేల మంది వచ్చి వెల్డింగ్ నేర్చుకున్నారు. ముక్కల్ని నేల మీదే కట్టి, క్రేన్‌తో ఎత్తి స్లిప్‌వే (ఓడని నీళ్లలోకి జార్చే వాలు) మీద పెట్టి అతికేవారు. రిచ్‌మండ్‌లోని నాలుగు యార్డులూ కలిసి యుద్ధకాలంలో 747 ఓడలు కట్టాయి. మా విశాఖ యార్డుకి రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసింది 1941లో. మరుసటి ఏడాది ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. మొదటి ఓడ జల ఉష నీళ్లలోకి దిగింది 1948 మార్చి 14న. ఆ ఏడేళ్ల కష్టం పక్కన పెట్టి చూస్తే, 747 అంకె ఎంత పెద్దదో మా యార్డులో పనిచేసిన ప్రతివాడికీ గుండెల్లో తెలుస్తుంది.

ఆ రివెట్లన్నీ 400 నంబరు సాండ్‌పేపర్‌తో, తర్వాత 800తో తడిపి తడిపి తీసేశాను. రెండు రోజులు పట్టింది. మీరూ తీసేయండి. ప్లేట్ల మధ్య సన్నటి వెల్డు గీత మాత్రం ఉంచుకోండి, అది నిజమే.

వెల్డింగు గురించి ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ఆ యుద్ధకాలంలో కట్టిన సరుకు ఓడల్లో విక్టరీ ఓడలకంటే ముందు వచ్చినవి లిబర్టీ ఓడలు. వాటిలో కొన్ని చలి నీళ్లలో పగుళ్లు ఇచ్చాయి. 1943 జనవరిలో పోర్ట్‌లాండ్‌లో షెనెక్టడీ అనే కొత్త ట్యాంకరు, తుఫానూ లేదు, అలలూ లేవు, రేవులో కట్టేసి ఉన్నదల్లా పెద్ద చప్పుడుతో నడుము దగ్గర విరిగిపోయింది. రివెట్ ఓడలో పగులు ఒక ప్లేటు అంచుకొచ్చి ఆగుతుంది. వెల్డు ఓడ అంతా ఒకే లోహం, మొదలైన పగులు ఎక్కడా ఆగదు. అప్పటి ఉక్కు చలికి పెళుసుబారేది. హ్యాచ్ మూలలు చతురస్రంగా ఉంటే ఒత్తిడంతా ఆ మూలల్లో పోగయ్యేది. అందుకే విక్టరీ ఓడల్లో ఫ్రేముకీ ఫ్రేముకీ (ఓడ పక్కటెముకలు) మధ్య దూరాన్ని 30 అంగుళాల నుంచి 36కి పెంచారు. హల్ బిగుసుకుపోకుండా కాస్త ఒంగే వీలు వచ్చింది. హాస్కెల్ తరగతికి అదే విక్టరీ హల్. ఈ కిట్‌లో హ్యాచ్ మూలలు గుండ్రంగా ఇచ్చాడు. పెన్సిల్ మొన అంత మూల అది. దాన్ని గుండ్రంగా చేశాడంటే ఆ కుర్రాడు డ్రాయింగులు చూశాడన్నమాట. రివెట్ల తప్పు అక్కడే క్షమించేశాను.

అసలు సంగతి పడవలు.

ఈ ఓడ ఆయుధం పడవలే. ఏ మోడల్ చూసినా జనం ముందు తుపాకుల వైపు చూస్తారు, ఇక్కడ అలా చూడకండి. పెట్టెలో 12 ఎల్‌సీవీపీలు, 2 ఎల్‌సీఎంలు (వాహనాలు మోసే పెద్ద పడవలు), 3 చిన్న పడవలు ఉన్నాయి. ఎల్‌సీవీపీ అంటే హిగిన్స్ పడవ. న్యూఆర్లీన్స్‌లో ఆండ్రూ హిగిన్స్ అనే ఆయన లూసియానా చిత్తడి నేలల్లో తిరగడానికి లోతు అక్కర్లేని పడవలు చేసేవాడు. అదే పడవకి ముందు భాగం కోసి కిందికి వాలే ఉక్కు తలుపు (ర్యాంపు) పెడితే సైన్యానికి కావాల్సింది తయారైంది. పక్కలు ప్లైవుడ్. పొడవు 36 అడుగుల పైన. ముందు భాగం రెండడుగుల చిల్లర నీళ్లుంటే చాలు, వెనక మూడడుగులు. 36 మంది సైనికులు నిలబడతారు, నడిపేవాళ్లు నలుగురు. యుద్ధం ముగిసేలోపు 20,000 పైగా తయారయ్యాయి.

మోడల్‌లో ఒక్కో పడవ 31 మిల్లీమీటర్లు, నా చిటికెన వేలి గోరుకి మూడింతలు ఉంటుందంతే. తిరగేసి భూతద్దంతో చూశాను. కింద ప్రొపెల్లర్‌కి గొయ్యిలా తొలిచిన సొరంగం ఉంది. అది లేకపోతే ఇసుక తగలగానే రెక్కలు విరుగుతాయి. ఆ తొలుపు అతికించాక ఎవరికీ కనబడదు. అయినా పెట్టాడు. చాలాసేపు ఆ పడవని అరచేతిలోనే పెట్టుకుని కూర్చున్నాను.

రెండో లోపం కూడా ఇదే పడవలో. ర్యాంపులన్నీ మూసే ఇచ్చాడు. పన్నెండింటికి పన్నెండూ. డేవిట్లకి (పడవల్ని దించే ఉక్కు చేతులు) వేలాడే పడవలకి మూసి ఉండాలి, అది సరే. నీళ్లలో ఉన్నవాటికి కనీసం రెండు తెరిచి ఇవ్వాలి కదా. ర్యాంపు పడే క్షణం కోసమే ఆ పడవ పుట్టింది. నేను సన్నటి రంపపు బ్లేడుతో మూడింటిని కోశాను. ఒకటి పాడైంది. రెండు నిలిచాయి. కోసేటప్పుడు పడవని ప్లాస్టిసిన్ ముద్దలో గుచ్చి కదలకుండా పెట్టుకోండి, పట్టకారుతో పట్టుకుంటే పక్క గోడ పగులుతుంది. ఈ ముక్కల్ని అచ్చేసిన రెసిన్ ప్లాస్టిక్ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, మాస్కు తప్పనిసరి, తడిపి కోస్తే ఇంకా మంచిది.

లెక్క ఒకటి వేసుకోండి. ఈ ఓడలో 1,500 మంది పైచిలుకు సైనికులు పట్టేవారు. పన్నెండు పడవలు, ఒక్కో దానికి 36 మంది, మొత్తం 432. అంటే పడవ వెళ్లి, దించి, ప్రాణాలతో వెనక్కొచ్చి, మళ్లీ నింపుకుని వెళ్లాలి. వెనక్కి రావడం వెళ్లడమంత కష్టం. అల వెనకనుంచి కొట్టి పడవని అడ్డం తిప్పేస్తుంది. పెదజాలరిపేట ఒడ్డున పడవ లాగేటప్పుడు చూసినవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఒక్క అల పక్కన తగిలితే పదిమంది పట్టుకున్నా పడవ చేతిలో ఉండదు. యుద్ధంలో మిసూలా వెళ్లిన జపాన్ దీవి ఇవోజిమాలో ఒడ్డు నిటారుగా ఉంది, నల్లటి బూడిద ఇసుక, కాలు పెడితే మడమ దాకా దిగబడిపోయేది. చాలా పడవలు అక్కడే అడ్డం తిరిగి, నీళ్లు నిండి, తర్వాత వచ్చే పడవలకి దారి లేకుండా చేశాయి.

హ్యాచ్‌లు తెరిచి చూపించుకునే వీలు ఇచ్చాడు, లోపల సామాను ముక్కలు కూడా ఉన్నాయి. అవి ఎలా పేర్చాలో పుస్తకంలో లేదు కాబట్టి చెబుతున్నాను. ఒడ్డున ముందు ఏది కావాలో అది ఆఖర్న ఎక్కించాలి. మన దగ్గర పెళ్లికి వంటమేస్త్రి లారీ ఎక్కించడం చూశారుగా. దిగీ దిగగానే గాడిపొయ్యి తవ్వాలి, కాబట్టి పలుగూ పారా పైన ఉంటాయి, విస్తరాకులు అడుగున. ఇక్కడ కూడా మందుగుండు, నీళ్లు, మందులు, జీపులు పైన. టెంట్లు, వంటసామాను అడుగున. చోటు వృథా అవుతుందని తెలిసినా అలాగే ఎక్కించేవారు. నేను ముందు హ్యాచ్‌లో రెండు జీపులు పైకి పెట్టి, పెట్టెల్ని కిందకి దించాను.

వలల దగ్గరికి వద్దాం. సైనికులు పడవల్లోకి దిగడానికి ఓడ పక్కలకి వేలాడే తాళ్ల వలల్ని సన్నటి ఇత్తడి రేకులో చెక్కి ఇచ్చాడు. నాలుగు వలలు. రేకు అలాగే అతికిస్తే కిటికీ మెష్‌లా బిర్రుగా నిలబడుతుంది. గ్యాస్ స్టవ్ సన్నమంట మీద రెండు మూడు సెకన్లు తిప్పి, దానంతట అది చల్లారనివ్వండి. ఇత్తడి మెత్తబడి గుడ్డలా ఒంగుతుంది. తర్వాత హల్ మీద వేసి వేలితో మెల్లిగా నొక్కితే బరువుకి జారినట్టు కూర్చుంటుంది. మా ఆవిడ వచ్చి, "ఏవండీ, స్టవ్ మీద ఏం కాలుస్తున్నారు" అంటే చూపించాను. ఆమె కళ్లు నాకంటే నయం. నాలుగో వల తనే అతికించింది, అన్నిటికంటే బాగా వచ్చింది కూడా అదే.

మా పక్కింట్లో నేవీలో చేసి రిటైరైన తమ్ముడు ఒకడున్నాడు. జలాశ్వ మీద కొన్నేళ్లు పనిచేశాడు. ఆ వలలు చూడగానే బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అన్నయ్యా, వల మీద దిగేటప్పుడు నిలువు తాడే పట్టుకోవాలి. అడ్డ తాడు పట్టుకుంటే పైనవాడి బూటు నీ వేళ్ల మీద పడుతుంది."

నేను పెట్టిన చిన్న బొమ్మల్లో రెండింటి చేతులు అడ్డ తాళ్ల మీదున్నాయి. పీకేసి మళ్లీ పెట్టాను. ఆ తర్వాత తనే ఇంకా చెప్పాడు. కింద పడవ అలతో పాటు లేస్తుంది, పడుతుంది. పైకి లేచినప్పుడు కాలు వదలాలి. ఆలస్యమైతే పడవ కిందికి జారిపోతుంది, వీపున బరువు మూటతో మనిషి ఓడకీ పడవకీ మధ్యన పడతాడు. మోడల్‌లో పడవకీ హల్‌కీ మధ్య నేను రెండు మిల్లీమీటర్లు వదిలాను. అసలు కొలతలో అది 70 సెంటీమీటర్లు. ఒక మనిషి పట్టేంత సందు అది.

జలాశ్వలో ఇలాంటి వలల దిగుడుతో పని లేదట. దాని వెనక పెద్ద తలుపు ఉంటుంది. ఓడ కాస్త కిందికి మునిగి లోపలికి నీళ్లు రానిస్తుంది. సైనికులు, వాహనాలు పడవల్లో ముందే ఎక్కి కూర్చుంటే, పడవలు తేలుతూ బయటికొస్తాయి. ఆ జలాశ్వ కూడా అమెరికాలో పుట్టిందే. ట్రెంటన్ అనే పేరుతో 1971లో అక్కడ నావికాదళంలో చేరి, 2007లో మనకొచ్చింది, స్థావరం మన విశాఖే. మిసూలా డేవిట్లూ వలలూ ఎక్కడికి ఎదిగాయో చూడాలంటే నేవీ విన్యాసాలు జరిగే రోజున బీచ్ రోడ్డు నుంచి చూడొచ్చు.

తుపాకులు త్వరగా ముగిస్తాను. వెనక ఒక 5 అంగుళాల ఫిరంగి, 40 మిల్లీమీటర్లవి, 20 మిల్లీమీటర్లవి. గొట్టాలు సన్నగా, వంకర లేకుండా వచ్చాయి. ఇవి దాడికి కాదు, విమానాల్ని ఆపడానికి. జపాన్ దీవి ఒకినావాలో 1945 ఏప్రిల్ 1న దిగుడు మొదలైన రోజునే, ఇదే తరగతికి చెందిన హిన్స్‌డేల్‌ని ఒక ఆత్మాహుతి విమానం గుద్దింది. మర్నాడు హెన్రికో అనే మరో అటాక్ ట్రాన్స్‌పోర్ట్ మీద పడితే కెప్టెన్‌తో సహా చాలామంది చనిపోయారు. మిసూలా కూడా ఆ ఒకినావా దాడిలో ఉంది. డెక్ మీద తుపాకుల దగ్గర బొమ్మల్ని ఆకాశం వైపు చూసేలా పెట్టండి. పుస్తకంలోని బొమ్మలో అందరూ ముందుకి చూస్తున్నారు.

ఇప్పుడు మూడో లోపం, ఆ పుస్తకం. పన్నెండు పేజీలు, మంచి కాగితం. కట్టే పద్ధతి బొమ్మలతో స్పష్టంగా ఉంది. చరిత్ర భాగంలో మాత్రం జెండా ఒక్కటే చెప్పాడు, అదీ కలగాపులగం చేశాడు. ఇవోజిమాలో సురిబాచి కొండ మీద ఆరుగురు జెండా ఎత్తుతున్న ప్రసిద్ధ ఫోటో వేసి, ఇది మిసూలా జెండా అని రాశాడు. ఆ ఫోటోలోది మిసూలా జెండా కాదు.

జరిగింది ఇది. 1945 ఫిబ్రవరి 19న మెరైన్లు (సముద్రం మీంచి దిగి పోరాడే అమెరికా సైనికులు) ఇవోజిమాలో దిగారు. 23న పొద్దున లెఫ్టినెంట్ హెరాల్డ్ ష్రయర్ వెంట 40 మంది కొండెక్కారు. వాళ్ల పటాలానికి రవాణా ఓడ మిసూలా. పటాలం అడ్జుటెంట్ (పాలనా పనులు చూసే అధికారి) జార్జ్ వెల్స్ ఆ ఓడ నుంచి తెచ్చిన జెండాని వాళ్లు వెంట తీసుకెళ్లారు. చిన్నది, 54 అంగుళాలకి 28. పైన జపాన్ వాళ్ల నీటి గొట్టం ఒకటి దొరికితే దానికి కట్టి నిలబెట్టారు. దీన్ని ఫోటో తీసింది లూయీ లోవరీ. జెండా కనబడగానే కింద ఇసుకలో పడుకున్న మెరైన్లు కేకలు వేశారు, సముద్రంలో ఉన్న ఓడలన్నీ కూతలు పెట్టాయి. ఆ తర్వాత, దూరానికి కనబడాలని, రెండో జెండా పంపారు. 96 అంగుళాలకి 56, ఎల్‌ఎస్‌టీ-779 అనే వేరే ఓడ నుంచి వచ్చింది. జో రోసెంథాల్ తీసి లోకమంతా చూసిన ఫోటో ఈ రెండోదానిది.

అంటే ఆ కూతలు ఏ జెండాకి? మిసూలా జెండాకి. ఫోటో రెండోదానికి దక్కింది, ఓడల కూతలు మొదటిదానివి. యార్డులో ఓడ నీళ్లలోకి జారేటప్పుడు రేవులో ఉన్నవన్నీ కలిసి కూత పెడితే ఎలా ఉంటుందో నేను విన్నాను. ఒంట్లో ఎముకలు అదురుతాయి. అక్కడ వందల ఓడలు. ఈ సంగతి పుస్తకంలో ఒక్క పేరా రాసినా ఈ కిట్ విలువ పెరుగుతుంది. అందుకే ఫోన్లో అన్నిటికంటే ఎక్కువసేపు దీని గురించే మాట్లాడాను.

ఇంకోటి కూడా పుస్తకంలో లేదు. వెళ్లేటప్పుడు సైనికుల్ని మోసిన పడవలే తిరుగు దారిలో గాయపడ్డవాళ్లని ఓడకి చేర్చేవి. అటాక్ ట్రాన్స్‌పోర్టుల్లో డాక్టర్లు ఉండేవారు, ఆపరేషన్ గది ఉండేది. పొద్దున దిగినవాడు మధ్యాహ్నానికి స్ట్రెచర్ మీద అదే ఓడకి తిరిగి రావచ్చు. యుద్ధం ముగిశాక ఈ తరగతి ఓడలే పసిఫిక్ నిండా చెల్లాచెదురుగా ఉన్న సైనికుల్ని ఇళ్లకి చేర్చాయి. కొరియా యుద్ధం మొదలయ్యాక మిసూలాని మళ్లీ పనిలోకి తీసుకున్నారు.

మిసూలా తర్వాతి నంబరు, 212, మాంట్రోజ్. అదీ రిచ్‌మండ్ ఓడే. 1954లో వియత్నాం రెండు ముక్కలైనప్పుడు ఉత్తరం నుంచి దక్షిణానికి పోతామన్న జనాన్ని తరలించడానికి ఈ ఓడల్ని పంపారు. ఆగస్టు 17న ఇదే తరగతి ఓడ మెనార్డ్ ఉత్తరాన ఉన్న హైఫాంగ్ రేవు నుంచి 1,924 మందితో బయల్దేరింది, మర్నాడు మాంట్రోజ్ 2,100 మందితో. సైగాన్‌కి 1,600 కిలోమీటర్లు, మూడు రోజుల ప్రయాణం. సైనికుల కోసం వేసిన అరల మంచాల్లో ముసలివాళ్లు, బాలింతలు, పిల్లలు. మొత్తం మీద అమెరికా నావికాదళం 3,10,000 మందిని అలా చేరవేసింది. నన్నడిగితే ఈ తరగతి ఓడలు చేసిన పనులన్నిటిలో నాకు ఎక్కువ నచ్చింది ఇదే. ఇది చెబుతుంటే పక్కింటి తమ్ముడు, 2020 మే నెలలో కరోనా అప్పుడు జలాశ్వ మాలే నుంచి 698 మందిని కొచ్చి తెచ్చిన సంగతి గుర్తుచేశాడు. అప్పటికి తను రిటైరైపోయాడు, టీవీలో చూశాడట. చెప్పేటప్పుడు గొంతు పూడుకుపోయింది.

ఆ 117 ఓడల్లో మ్యూజియంగా ఒక్కటి కూడా మిగల్లేదు. ఆఖరిది గేజ్, 2009లో టెక్సాస్‌లోని బ్రౌన్స్‌విల్‌కి లాక్కెళ్లి ముక్కలు చేశారు. మనకి విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి ఉంది, పిల్లల్ని లోపలికి తీసుకెళ్లి ఇదిగో మంచం, ఇదిగో వంటగది అని చూపించగలం. హాస్కెల్ ఓడకి ఆ భాగ్యం లేదు. అందుకే ఇలాంటి కిట్ సరిగ్గా ఉండాలని నా పట్టుదల.

కొనేవాళ్లకి మిగతా సంగతులు. రెసిన్ ముక్కల్ని ముందు గోరువెచ్చటి సబ్బునీళ్లలో కడిగి ఒక రోజు ఆరనివ్వండి, లేకపోతే ప్రైమర్ పట్టదు. డేవిట్లు చాలా సన్నవి. వాటికున్న సపోర్టుల్ని కత్తిరించే ముందు వేడినీళ్లలో ఒక నిమిషం ముంచితే మెత్తబడి, విరగకుండా వస్తాయి. డెరిక్‌ల (సామాను ఎత్తే ఓడ క్రేన్లు) తాళ్లకి కిట్‌లో ఇచ్చిన దారం లావు. నేను జడ ఊలు నుంచి ఒక పోగు తీసి వాడాను. నంబరు స్టిక్కర్లు బాగున్నాయి, అదనంగా ఒక జత కూడా ఇచ్చాడు. అలవాటు లేనివాళ్లు దీన్ని మొదటి ఓడగా ఎంచుకోకండి, డేవిట్ల దగ్గర ఓపిక పోతుంది. ఒకటి రెండు కట్టినవాళ్లు ధైర్యంగా తీసుకోండి. ఐదుకి నాలుగు మార్కులు ఇస్తున్నాను. రివెట్లు తీసేసి, రెండు ర్యాంపులు తెరిచి, పుస్తకం సరిచేసిన రోజున ఐదోది కూడా ఇస్తాను.

మా మనవడు వేసవి సెలవులకి వచ్చినప్పుడు ఓడ దాదాపు అయిపోయింది. నీళ్ల బల్ల మీద పడవలు సర్దే పని వాడికిచ్చాను. తొమ్మిదింటిని ఒడ్డు వైపు పెట్టాడు. ర్యాంపు తెరిచిన రెండింటిని ఇసుక మీద పెట్టాడు. కోసేటప్పుడు పాడైన పడవ నా డబ్బాలో ఉంది, దాని పక్క గోడ విరిగింది.

"తాతా, దీన్నేం చేద్దాం?"

వాడికి స్ట్రెచర్ సంగతి చెప్పాను. మిగిలిన బొమ్మల్లో రెండింటిని తీసి, కాళ్లు కొద్దిగా కోసి, పడుకోబెట్టి దాంట్లో అతికించాడు. ఆ విరిగిన పడవ మూతి ఓడ వైపు తిప్పి, వల పక్కన, నిచ్చెన కింద పెట్టాడు.